తిట్లు లేని ఉత్తరాలు

వార్స్కా దగ్గరి పల్లె, ఎస్తోనియా
2 నవంబర్ 2003

అత్తమ్మకు, మామకు మానస నమస్కారాలు.

పల్లెకు చేరాను. మామ భయపడ్డట్టు చలికి ముక్కు ఊడిపోలేదు, ఇంకా మొహం మీదే ఉంది. ఇక్కడి కంప్యూటర్లలో తెలుగు రాదు. ఇంగ్లిషులో రాస్తే నువ్వు చదవవు. అందుకని ఇకనుంచి కాయితమే.

ఏడాదిపాటు టార్టు పట్నంలో నేర్చుకున్న భాష ఇక్కడికొచ్చేసరికి సగానికి సగం పనికిరాకుండా పోయింది. ఈ మూలన, రష్యా సరిహద్దును ఆనుకుని, సెతోలనే జనం ఉంటారు. కొన్ని వేలమందే. ఎస్తోనియా వాళ్ల మాటకు చుట్టమే కానీ వీళ్ల మాట వేరు, పాట వేరు, పండుగలు వేరు. బడిలో ఈ మాట మాట్లాడితే పక్క పిల్లలు నవ్వేవారట, అందుకని చాలామంది ఇంట్లో కూడా మానేశారు. మిగిలిన ముసలమ్మల దగ్గర కూచుని వాళ్ల మాటల్నీ పాటల్నీ క్యాసెట్ల మీదికి ఎక్కించుకు రావడమే నన్ను ఇక్కడికి పంపిన పని.

నేనుండేది దార్యా అనే ఆమె ఇంట్లో. డెబ్బయ్యెనిమిదేళ్లు. నేను దార్యవ్వ అంటే పలుకుతుంది. పండుగనాడు రొమ్ము మీద జొన్నరొట్టె అంత వెండి బిళ్ల పెట్టుకుని, అందరికంటే ముందు గొంతెత్తుతుంది. ఆమె ఒక వరస అంటే మిగతావాళ్లు అందుకుంటారు, అచ్చం మన బతుకమ్మ దగ్గర లాగే. జున్నులో షాజీరా కలిపి పెట్టింది. బాగుంది, కానీ నాలుక కారం కారం అని ఏడుస్తోంది.

ఇప్పుడు అసలు సంగతి. మా ప్రొఫెసరుకు ముఖ్యంగా కావలసింది ఏడ్పుపాటలు. చచ్చిపోయినవాళ్ల మీద ఆడవాళ్లు మాటలు కట్టి పాడేవి, మన శోకాలే అనుకో. ఈ చుట్టుపక్కల దార్యవ్వను మించినవాళ్లు లేరట. ఆమె ఒక్కటి పాడినా నాకు రెండో ఏడాదికి స్కాలర్‌షిప్ ఇస్తారు. లేదంటే ఆగస్టులో మూటాముల్లె సర్దుకోవడమే, రెండేళ్ల చదువు నడిమధ్యలో ఆగిపోతుంది. మన బస్తీలో ఎవరింట్లో చావైనా ముందు నీ గొంతే కదా లేచేది. ఆమెను ఎలా అడగాలో చెప్పు.

నీ మానస


నాచారం
24 నవంబర్ 2003

బిడ్డ మానసకు అత్తమ్మ ఆశీర్వాదాలు.

నీ ఉత్తరం పోస్ట్‌మన్ పక్కింటి సూర్యకళమ్మ గోడ మీద పెట్టి పోయిండు. ఆమె చదువుకున్న మనిషి గనక తెరవకుండ ఇచ్చింది. వేరేటోళ్లయితే ఈపాటికి గల్లి మొత్తం చదివేటోళ్లు.

ముందుగాల సెప్తున్న, అవ్వను అడగకు. శోకం అడిగి పెట్టిచ్చుకునేది కాదు బిడ్డ. పీనుగ లేని ఇంట్ల శోకం పెడితె పీనుగను పిలిచినట్టె. నువ్వు మా దగ్గర పెరిగినదానివే గద, గింత తెల్వదా? నీ నాయిన, నా తోడబుట్టినోడు, పోయిన ఆర్నెల్లకు మీ చిన్నవ్వ సూరత్‌ నించి వచ్చి, గడపల నిలబడి నా మెడ పట్టుకోని మొదలుపెట్టలేదా? మనకాడ గంతే. దూరపు చుట్టం ఎప్పుడొస్తె అప్పుడు మెడ పట్టుకోని ఏడ్వాలె. ఏడ్వకుంటె అది లోపల్నె ఉండిపోతది. ఉత్తగ ఏడ్వమంటె ఎవ్వలు ఏడుస్తరు?

మీ మామ సంగతి రాయాల్నంటె ఈ కాయితం సాలదు. ఉప్పల్ల షెడ్డుల పొద్దంత లేత్ మిషన్ తిప్పింది సాలక, ఇంటికొచ్చి నా స్టీలు డబ్బలల్ల నట్లు బోల్టులు పోస్తుండు. మొన్న కందిపప్పు అనుకోని డబ్బ వంచిన, జరంతయితె కుక్కర్ల పడేటియి. బీపీ గోలి ఏసుకోమంటె రేపంటడు. ఆయన రేపు ఎన్నడొస్తదో ఆయనకే తెల్వాలె. గా పాత స్కూటరు ఐదు తన్నులు తంతె గాని లేవదు. అది లేసేలోపట గల్లి అంత లేస్తది. ఇరవయ్యారేండ్లు గీ మనిషితోని ఎట్ల ఎల్లదీసిననో నాకే సమజైతలేదు.

పక్కన నిలబడి ఒకటే సతాయిస్తుండు, నిన్ను ఒక మాట అడగమని. ఆ దేశంల బోల్టులు ఇంచులల్ల ఉంటయా, మిల్లీమీటర్లల్ల ఉంటయా? జవాబు రాసేదాక నన్ను తిననియ్యడట.

నీ అత్తమ్మ తారామణి


వార్స్కా దగ్గరి పల్లె
10 జనవరి 2004

అత్తమ్మకు,

నువ్వు వద్దన్న పనే చేశాను. అడిగాను.

దార్యవ్వ చేతిలో గరిటె కింద పెట్టింది. బయటికెళ్లి కోళ్లకు గింజలు వేసింది. మూడోనాడు నన్ను పిలిచి పెట్టె తెరిచింది. అందులో తను పోయినప్పుడు కట్టాల్సిన బట్టలు, తలగుడ్డ, ఊలు మేజోళ్లు మడతపెట్టి ఉన్నాయి. "ఇవి కట్టుకున్ననాడు ఎవరైనా నామీద పాడతారు. అంతకుముందు నా ఇంట్లో ఆ పాట లేవదు" అంది.

ఆమెకు నాస్త్యా అని అక్క ఉండేదట. సోవియట్ దేశం విడిపోయి సరిహద్దు గీసేసరికి అక్క ఆ పక్క పడిపోయింది. వీళ్ల అమ్మానాన్నల సమాధులూ అటే. ఇక్కడి ఆచారం ఏంటంటే, ఏడాదికోసారి సమాధి మీద తెల్లగుడ్డ పరిచి, దాని మీదే అన్నీ వడ్డించుకుని, పోయినవాళ్లతో కలిసి తింటారు. దానికిప్పుడు వీసా కావాలి. నాలుగేళ్ల కింద అక్క పోతే, వీసా కాయితం చేతికొచ్చేసరికి మట్టి కూడా వేసేశారు. "దాని మీద పాడలేదు. ఇక్కడే ఉంది" అని గొంతు చూపించింది. నేను రికార్డరు సంచీలో పెట్టేశాను.

కానీ అత్తమ్మా, నాకు కాలు నిలవడం లేదు. సరస్సు గడ్డకట్టింది, దాని మీద అటూ ఇటూ నడుస్తున్నాను. ప్రొఫెసరు ప్రతి వారం అడుగుతున్నారు. పనంతా ఒక ముసలమ్మ గొంతులో ఇరుక్కుని ఉంది.

ఒక్కటి మాత్రం బాగుంది. నీ ఉత్తరాన్ని దార్యవ్వకు ఆమె మాటలోకి మార్చి చదివి వినిపించాను. స్టీలు డబ్బాల దగ్గర నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. ఆమె మొగుడు కూడా చేపల వల సామాను పిండి డబ్బాలో పెట్టేవాడట. ఇప్పుడు రోజూ అడుగుతోంది, "మీ అత్త ఉత్తరం రాలేదా? ఈసారి మొగుణ్ణి ఏమని తిట్టింది?" అని.

మామతో చెప్పు, మిల్లీమీటర్లేనట. పక్కింటాయన ట్రాక్టరు దగ్గరికి తీసుకెళ్లి మరీ చూపించాడు.

మానస


నాచారం
8 ఫిబ్రవరి 2004

బిడ్డా,

అడగకంటె అడిగినవు. నీకు మీ మామ బుద్ధులే వచ్చినయి.

నాస్త్యా సంగతి సదివిన. అక్క పీనుగను సూడనీయని కాయితాలు ఏం కాయితాలు? అవ్వకు నా దండాలు సెప్పు.

మొగుణ్ణి ఏం తిట్టిన అని అడిగింది గద, సెప్పు. మిల్లీమీటర్లు అని తెలిసినకాడి నించి, తనే పోయి కొలిచొచ్చినట్టు షెడ్డంత సెప్పుకుంట తిరుగుతుండు. నీ రికార్డరుకు ఒక స్టాండు జేస్తుండట, మడత పెడితె సంచిల పట్టాల్నట. నా రోటిపచ్చడి బండ మీద పెట్టి ఇనుము కొడుతుండు. బండ పెచ్చు లేసింది. అడిగితె పచ్చడిల ఇనుముంటె రక్తం పడతదని నాకే సెప్తుండు! ఆదివారంనాడు దాబా మీదికెక్కి యాంటెనా తిప్పి తిప్పి, ఉన్న రెండు ఛానళ్లు గూడ పోగొట్టిండు. బీపీ గోలీలు పన్నెండు అట్లనె ఉన్నయి, నేను లెక్కవెట్టిన. గట్టిగ అరిచిన. అరిస్తె నీకే బీపీ వస్తది, ఒకటి ఏసుకో అన్నడు.

ఆయన ఇంకో ప్రశ్న. సరస్సు గడ్డకట్టినంక లోపలి చేపలు ఏం జేస్తయి?

అత్తమ్మ


నాచారం
11 ఏప్రిల్ 2004

బిడ్డా,

నీ ఉత్తరాలు రెండు వచ్చినయి. జవాబు ఆలస్యమైంది, ఏమనుకోకు. ఇక్కడ అందరం మంచిగున్నం. మీ మామ మంచిగున్నడు. నిన్ను మంచిగ సదువుకోమన్నడు. యాళ్లకు తినమన్నడు.

ఎండలు మస్తు కొడుతున్నయి. ఈ ఏడు మామిడికాయ తొక్కు పెట్టలే. సూర్యకళమ్మ ఒక సీస ఇచ్చింది. స్కూటరు బాలరాజు తీస్కపోయిండు, మీ మామతోని షెడ్డుల పనిజేస్తడు సూడు, ఆయన. మీ మామకు ఇప్పుడు దానితోని పనిలేదు. నేను మల్లాపూర్ల అప్పడాల కంపెనీల చేరిన. ఇంట్ల కూసుంటె తోస్తలేదు.

నువ్వు పని ముగించుకోనే రా. నడిమిట్ల రాకు.

అత్తమ్మ


వార్స్కా దగ్గరి పల్లె
6 మే 2004

అత్తమ్మకు,

ఇంత చిన్న ఉత్తరమా! అప్పడాలు వత్తి వత్తి చేతులు నొప్పులు పుట్టాయా? మామ స్కూటరు వదిలి బస్సెక్కడం నేర్చుకున్నాడంటే నమ్మలేకపోతున్నా. గల్లీవాళ్లు ఇప్పుడు ఏ చప్పుడుకు నిద్ర లేస్తున్నారు? నా స్టాండు ఏమైందో అడుగు. చేపలు మంచు కింద బతికే ఉంటాయని పోయినసారే రాశాను, ఆయన నమ్మాడో లేదో నువ్వు రాయనే లేదు.

ఇక్కడ నా పరిస్థితి బాగాలేదు. ఆగస్టు పదిహేను దాకే గడువని ప్రొఫెసరు తేల్చి చెప్పేశారు. నా దగ్గర పెళ్లిపాటలున్నాయి, దంపుడు పాటలున్నాయి, జోలపాటలున్నాయి. అసలుది లేదు. రాత్రి పడుకుంటే ఆ తేదీ కళ్లముందు తిరుగుతోంది.

ఒక ఉపాయం తట్టింది. నువ్వు ఒక శోకం కాయితం మీద రాసి పంపు. దార్యవ్వకు దాన్ని చదివి వినిపిస్తాను. మీ దేశంలో ఇలాగా, మా దగ్గర ఇలా అంటూ జవాబుగా తనూ ఒకటి ఎత్తుకుంటుందేమో. నిజంగా పోయినవాళ్ల మీద వద్దులే, కల్పించి రాయి. మామ మీదే రాయి. ఆయనకు చదివి వినిపిస్తే పడీపడీ నవ్వుతాడు.

నీకు దండం పెడతా, ఆలస్యం చెయ్యకు.

మానస


నాచారం
30 మే 2004

బిడ్డా,

శోకం రాసేది కాదని ముందే సెప్పిన. అయినా నీ సదువు ఆగుతదంటివి. నాలుగు దినాలు కాయితం ముందలేసుకోని కూసున్న. గింతే వచ్చింది. ఇగ రాదు.

పొద్దుగాల పోయినోడా, రింగు రోడ్డు కాడ బస్సు దిగినోడా,
దిగినోనివి దిగినట్టె ఒరిగితివా ఓ నా రాజా,
నీ సద్దిడబ్బ ఇంటికొచ్చె, నువ్వు రాకపోతివి,
మూత తీస్తె అన్నం అట్లనె ఉండె, నేనెట్ల తిందు ఓ నా రాజా.

మీ మామకు సదివి వినిపించిన. నవ్విండు. నిన్ను మంచిగ సదువుకోమన్నడు.

అత్తమ్మ


వార్స్కా దగ్గరి పల్లె
22 జూన్ 2004

అత్తమ్మా,

నాకంత తెలిసింది. ఎట్ల తెలిసిందో రాస్తున్న, తప్పులుంటె సదురుకో.

నీ నాలుగు వరసలు చదివి నేను మురిసిపోయిన. ఎంత బాగ కల్పించింది మా అత్త అనుకున్న. సద్దిడబ్బ ముచ్చట ఎంత బాగ తట్టింది అనుకున్న. వంటింట్ల దార్యవ్వ ఆలుగడ్డలు చెక్కు తీస్తుంది. పక్కన నిలబడి సంబురంగ చదివి వినిపించిన. ఆమె కత్తి ఆగింది.

"ఈ ఉత్తరంలో మొగుణ్ణి ఏమని తిట్టింది?" అన్నది.

"తిట్టలేదు" అన్న.

"దీని ముందుదాంట్లో?"

అది గూడ తెచ్చి చదివిన. అండ్ల గూడ తిట్టు లేదు.

"అంతకుముందు ఆయన బోల్టుల గురించి అడిగిండు. చేపల గురించి అడిగిండు. ఈ రెండిట్ల ఏమడిగిండు?"

"మంచిగ చదువుకోమన్నడు. యాళ్లకు తినమన్నడు."

దార్యవ్వ కత్తి కింద పెట్టింది. "బతికున్న మొగుడు ఇంత మంచిగ ఉండడు బిడ్డా" అన్నది.

నేను కొట్లాడిన. నీకేం తెలుసు మా అత్త సంగతి అన్న. అట్లనె ఐదు కిలోమీటర్లు నడిచి వార్స్కా పోస్టాఫీసుకు పోయి సూర్యకళమ్మ ఇంటికి ఫోన్ కొట్టిన. జర మామను పిలవండి అన్న. ఆమె "నీకెవరు చెప్పారమ్మా?" అన్నది. ఇంకేం అడగలే నేను. మార్చి పదకొండు అట. పొద్దున తొమ్మిదింటికట. ఆ దినం బండి లేవక బస్సెక్కిండట, దిగుతనె పడిపోయిండట.

ముసలమ్మల దగ్గర గుండీ పేరు సుత వదలకుండ రాసుకుంట తిరిగేదాన్ని. చావైన ఇంట్ల ఏడాది తొక్కు పెట్టరని నాకు తెల్వదా? పుట్టినకాడి నించి సూసినదే గద. నువ్వు రాసినవు, నేను చదివిన, చదివి పక్కకు పెట్టిన. నా కండ్లల్ల నా గడువే ఉండె. పైకెల్లి మామ మీద శోకం రాయమన్న, నవ్వుతడన్న. చెప్పుతోని కొట్టు నన్ను, అత్తమ్మా.

తిరిగొచ్చేసరికి దార్యవ్వ బల్ల మీద తెల్లగుడ్డ పరిచి ఉంచింది. దాని మీద రొట్టె, ఉడకబెట్టిన గుడ్లు, ఒక ఖాళీ పళ్లెం. మామ పేరడిగింది. చంద్రయ్య అని చెప్పిన. రెండుమూడు సార్లు అని నోరు తిప్పుకున్నది. మొదలుపెట్టబోయి ఆగింది. "నీ పెట్టె ఆన్ చెయ్యి" అన్నది. నాకు వద్దు అన్న. "నీకోసం కాదు. నా అక్క దగ్గరికి నా గొంతును తీస్కపోయేటోళ్లు దొరకలేదు. ఇది మీ అత్త దగ్గరికి పోవాలె" అన్నది.

అత్తమ్మా, ఆమెకు మామ గురించి తెలిసిందంత నీ తిట్లే. గవ్వే పాడింది. పప్పు డబ్బలల్ల ఇనుము పోసినోడా అన్నది. ఐదు తన్నులకు లేచే బండినెక్కి యాడికి పోయినవు అన్నది. మా దేశం బోల్టుల కొలత అడిగినోడా, ఈ గడ్డ దాక వచ్చి చూసుకోకపోతివి అన్నది. మందుబిళ్లలు పన్నెండు మిగిల్చినోడా అన్నది. చివరికొచ్చేసరికి చంద్రయ్య పోయి నాస్త్యా వచ్చింది. మళ్ల చంద్రయ్య వచ్చిండు. ఇద్దర్ని ఒక్క బల్ల కాడ కూసోబెట్టి ఏడ్చింది. నాకు శోకం రాదని నీకు తెలుసు. అయినా నా గొంతు గూడ లేచింది. నేనేమన్ననో నాకు యాదికి లేదు, క్యాసెట్ల ఉంటది.

ఆ క్యాసెట్ దీంతోనె పంపుతున్న. ఇంకోటి లేదు, నకలు తీయలే. ప్రొఫెసరుకు చెప్పను గూడ చెప్పలే. అది ఆయన అడిగిన పాట కాదు, నీకు పలకరింపు. రెండో ఏడు రాకపోతె పోనీ. ఆగస్టుల వస్తున్న. గడపల నిలబడు.

మానస


నాచారం
19 జూలై 2004

బిడ్డ మానసకు,

క్యాసెట్ వచ్చి నాలుగు దినాలు బల్ల మీదనె ఉండె. ముట్టబుద్ధి కాలే. ఆఖరికి నిన్న ఆదివారం సూర్యకళమ్మను పిలిచి, మీ మామ టేప్ రికార్డరుల పెట్టిపిచ్చిన.

ఒక్క మాట సమజ్ కాలే. అయినా సమజ్ కానిదేం లేదు. నడుమ నడుమ సంద్రయ్య సంద్రయ్య అంటుంటె, ఆ దేశపు అవ్వ నోట్లె గా పేరు ఎంత కొత్తగున్నదో. ఆమె వెనక నీ గొంతు. నాకు ఐదోతరగతి నించి సద్ది కట్టిచ్చినోడా అన్నవు, ఇప్పుడు నేనెవ్వలకు కొలతలు చెప్పాలె అన్నవు. గక్కడ నాకు ఆగలే. నాలుగు నెల్ల నించి ఎవ్వలొచ్చినా రాని ఏడుపు, గల్లి అంత ఉరికొచ్చేటట్టు వచ్చింది. సూర్యకళమ్మ మా పద్ధతులు ఎరుగని మనిషి, అయినా వచ్చి నా మెడ పట్టుకున్నది.

నీకెందుకు సెప్పలేదంటె, నువ్వు సదువు ఇడిసిపెట్టి ఉరికొస్తవని. గది ఒకటి. ఇంకోటి గూడ ఉన్నది, అవ్వకే సమజైతది. బస్తీ అంతటికి ఆయన సచ్చిపోయిండు. నీకు రాసేటప్పుడు మటుకు బతికున్నడు. కాయితం ముందల కూసుంటె పక్కన నిలబడ్డట్టె ఉండె. అందుకోసమే రాసిన. కాని ఏం తిట్టాల్నో తోచకపాయె. పోయినోన్ని ఎట్ల తిడుదు? అందుకె మంచోన్ని జేసిన.

నీ మీద నాకు కోపం లేదు. నీ పని నువ్వు జేసినవు. క్యాసెట్ నా కాడ ఉంచుకోని, సూర్యకళమ్మ కొడుకు కౌశల్ తోని ఇంకోటి తీయించి పంపుతున్న. అవ్వ సరేనంటె మీ ప్రొఫెసరుకియ్యి. ఉత్తగ ఇయ్యకు. పైన రాయి, ఇది సంద్రయ్య మీద, నాస్త్యా మీద అని. లేత్ మిషన్ సంద్రయ్య, ఉప్పల్, అని రాయి. ఆ దేశం బోల్టుల మీద గంత పాణం పెట్టుకున్నడు, పేరన్న గక్కడ ఉండనీ. అవ్వ వద్దంటె అడగకు. ఈసారన్న ఇను.

నువ్వొచ్చినంక గడపల నిలబడుడు ఎట్లాగు ఉంటది. కాయితం మీద ఏడ్సింది లెక్కకు రాదు.

ఇగ ఈ ముచ్చట అవ్వకు ఒక్క అక్షరం ఇడువకుండ సదివి చెప్పు. నిన్న ఏడ్సినంక ఆకలైంది. నాలుగు నెల్లకు మొదటిసారి ఆకలైంది. పైనున్న డబ్బ దించి సెనగపప్పు అనుకోని వంచిన. అన్ని బోల్టులే. కాళ్ల మీద పడ్డయి, మంచాల కిందికి పోయినయి. వాటి నడుమ నీ స్టాండు ఉన్నది, మూడు కాళ్లు అయినయి, మడతలు పడుతున్నయి, ఒక్క బోల్టు బిగించుడు మిగిల్చిండు. నేల మీద కూలబడి అందుబాటుల ఉన్న తిట్లన్ని తిట్టిన. ఓరి నీ పాడుగాను, పప్పు ఏడున్నదో చెప్పకుండ పోతివి, గోలీలు ఏసుకోకపోతివి, ఒక్క పని సుత ఆఖరు చెయ్యకపోతివి అని గట్టిగ తిట్టిన. సూర్యకళమ్మ ఏమైందోనని గోడ మీదికెల్లి సూసింది.

ఆ బోల్టు ఏదో నాకు తెల్వదు. ఇంచుదో, మిల్లీమీటర్దో. నువ్వొచ్చి బిగించు.

నీ అత్తమ్మ తారామణి